పాత పటాలకు కొత్త వెలుగు

కాగితానికి ఆయుర్దాయం ఉన్నది, సిరాకూ ఉన్నది. పెళ్ళినాడు తీయించుకున్న ఛాయాచిత్రం మనుమల కాలానికి పసుపుపచ్చగా మారుతుంది. చుట్టచుట్టి దాచిన పొలాల పటం మడతల దగ్గర చినిగి, గట్ల గీతలు ఆనవాలు లేకుండా పోతవి. ఇట్లా వెలిసిన పటాన్ని చూచి, అందులోని సమాచారమంతా నశించిందనుకోవటం సహజం. కాని, కంటికి కనిపించకపోవటం వేరు, లేకుండా పోవటం వేరు. సిరా వెలిసిన చోట కూడా దాని రసాయనిక శేషం కాగితపు పోగులలో నిలిచి ఉండవచ్చు. నల్లబడిన గాజు నెగెటివులో కూడా వెలుగునీడల తారతమ్యం మన కంటికి అందనంత సూక్ష్మంగా మిగిలి ఉండవచ్చు. ఆ మిగిలినదానిని కొలిచి, లెక్కకట్టి, తిరిగి కంటికి కనిపించేటట్లు చేయటమే డిజిటల్ పునరుద్ధరణ.

ఈ విద్యలో రెండు రకాల పనులు కలిసి ఉన్నవి. పటంలో మిగిలి ఉన్నదానిని పైకి తీయటం ఒకటి. లేనిదానిని ఊహించి నింపటం రెండవది. మొదటిది సాక్ష్యం. రెండవది చిత్రలేఖనం. రెండూ ఒకే యంత్రం మీద జరుగుతవి, ఫలితాలు ఒకేవిధంగా అందంగా ఉంటవి. కనుకనే వాటి మధ్య హద్దు తెలియటం అవసరం. రష్యాలో తీసిన కొన్ని ఛాయాచిత్రాల చరిత్ర, ఇటలీలో తయారైన ఒక ప్రపంచ పటం చరిత్ర ఆ హద్దును చక్కగా చూపుతవి. ఈ రెండు కథలకూ మూలం 1861లో జరిగిన ఒక ప్రయోగంలో ఉన్నది.

మూడు దీపాల ప్రయోగం

1861 మే 17న లండన్ నగరంలోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక ఉపన్యాసమిచ్చాడు. మానవ నేత్రం రంగులను ఎట్లా గ్రహిస్తుందన్నది విషయం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగులను తగుపాళ్ళలో కలిపితే మిగిలిన రంగులు కంటికి తోస్తవని ఆయన వాదం. దీనిని నిరూపించటానికి థామస్ సటన్ అనే ఛాయాచిత్రకారుని చేత గళ్ళ రిబ్బనును మూడు రంగుల ద్రావకాల గుండా విడివిడిగా ఫొటోలు తీయించాడు. మూడు ఫలకాల మీదా పడినవి నలుపు తెలుపు బొమ్మలే. కాని వాటిని మూడు లాంతర్ల ద్వారా, తీసినప్పుడు వాడిన రంగుల వెలుగులతోనే, ఒకే తెర మీద ఒకదానిపై ఒకటి పడేటట్లు వేయగా, రంగుల రిబ్బను ప్రత్యక్షమైనది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఆ కాలపు ఫలకాలకు ఎర్రని వెలుగు దాదాపు సోకదు. అయినా ఎరుపు ద్రావకం గుండా తీసిన ఫలకం మీద బొమ్మ పడింది. దీనికి కారణం నూరేళ్ళ తరువాత, 1961 ప్రాంతంలో, పరిశోధకులు ఆ ప్రయోగాన్ని తిరిగి చేసి చూచినప్పుడు తేలింది. రిబ్బనులోని ఎర్ర రంగు, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను కూడా పరావర్తనం చేస్తున్నది. ఎరుపు ద్రావకం వాటిని అడ్డలేదు. ఫలకం మీద పడినది ఎరుపు కాదు, అతినీలలోహితం! అదృష్టవశాన ప్రయోగం ఫలించింది.

ఈ ప్రయోగంలో రెండు సూత్రాలు ఇమిడి ఉన్నవి. మూడు నలుపు తెలుపు బొమ్మలలో రంగులను దాచవచ్చుననేది మొదటిది. మన కన్ను చూడలేని కిరణాలను ఫలకం చూడగలదనేది రెండవది. మొదటి సూత్రం రష్యా ఛాయాచిత్రాలకు ప్రాణం; రెండవ సూత్రం ఇటలీ పటానికి ప్రాణం.

రైలుపెట్టెలో చీకటిగది

సెర్గే మిఖాయిలొవిచ్ ప్రొకూదిన్-గోర్‌స్కీ 1863లో జన్మించిన రష్యన్ ఛాయాచిత్రకారుడు. రసాయనశాస్త్రం బాగా తెలిసినవాడు. 1902లో బెర్లిన్ వెళ్ళి, రంగుల ఛాయాగ్రహణంలో ప్రసిద్ధుడైన అడాల్ఫ్ మీటె వద్ద పనిచేశాడు. అప్పటికి ఫలకాలను అన్ని రంగుల వెలుగూ సోకేటట్లు తయారుచేసే రసాయనాలు వచ్చినవి. మాక్స్‌వెల్‌కు అదృష్టం వల్ల దక్కినది ఇతనికి శాస్త్రం వల్ల దక్కింది.

1908లో ఇతడు రచయిత టాల్‌స్టాయ్ చిత్రాన్ని రంగులలో తీశాడు. 1909లో జార్ చక్రవర్తి రెండవ నికొలాస్ దర్శనం దొరికింది. రష్యా సామ్రాజ్యమంతా తిరిగి దాని నగరాలను, నదులను, దేవాలయాలను, కర్మాగారాలను, ప్రజలను రంగులలో నమోదు చేస్తానని ఇతడు కోరగా, చక్రవర్తి అంగీకరించాడు. చీకటిగది అమర్చిన ఒక రైలుపెట్టెను ప్రభుత్వం సమకూర్చింది. 1915 వరకు ఈ యాత్రలు సాగినవి. ఉరల్ పర్వతాలు, వోల్గా తీరాలు, సమర్‌ఖండ్ కట్టడాలు, అక్కడి పుచ్చకాయల అంగడి, నీలి పట్టు అంగీ ధరించిన బుఖారా అమీరు ఆలిం ఖాన్—ఇవన్నీ ఇతని ఫలకాల మీదికి వచ్చినవి.

ఇతడు వాడిన గాజుఫలకం సుమారు 8 సెంటీమీటర్ల వెడల్పు, 23 సెంటీమీటర్ల పొడవు ఉండేది. ఒకే ఫలకం మీద నిలువుగా మూడు బొమ్మలు పడేవి. పైది నీలి గాజు గుండా, మధ్యది ఆకుపచ్చ గాజు గుండా, క్రిందిది ఎర్ర గాజు గుండా తీసినది. మూడూ ఒకే క్షణంలో తీసినవి కావు. ఒకదాని వెంట ఒకటిగా తీసినవి. వాటిని చూడటానికి మాక్స్‌వెల్ పద్ధతిలోనే మూడు కటకాల లాంతరు కావాలి.

రష్యాలో విప్లవం వచ్చింది. 1918లో ప్రొకూదిన్-గోర్‌స్కీ దేశం విడిచి, చివరకు పారిస్ చేరి, 1944లో అక్కడే మరణించాడు. ఆయన వారసుల వద్ద మిగిలిన ఫలకాలను 1948లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొన్నది. వాటి సంఖ్య 1,902. ఆల్బములలో అతికించిన నలుపు తెలుపు ప్రతులు కూడా వాటితో వచ్చినవి. అర్ధశతాబ్దం పాటు ఆ ఫలకాలు గ్రంథాలయంలో భద్రంగా ఉన్నవి. రంగులన్నీ వాటిలోనే ఉన్నవి. కాని ఆ రంగులు చూచినవారు అరుదు.

గాజు నుండి అంకెలకు

2000లో ఈ ఫలకాలను అంకెలలోకి మార్చారు. ఈ మార్పు అర్థం చేసుకోవటం కష్టం కాదు. బొమ్మను సన్నని గళ్ళుగా విభజిస్తారు. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. ఆ గడిలో వెలుగు ఎంత ఉన్నదో ఒక అంకెతో గుర్తిస్తారు. పూర్తి చీకటికి సున్న. పూర్తి వెలుగుకు అన్నిటికంటె పెద్ద అంకె. ఈ ఫలకాల విషయంలో చీకటికీ వెలుగుకూ మధ్య 65,536 మెట్లు పెట్టారు. మన కన్ను అంత సన్నని భేదాలను గుర్తించలేదు. కంటికి వట్టి నలుపుగా తోచే మూలలో కూడా ఆకారాలు ఉంటే, అంకెల భేదంగా అవి బయటపడతవి. ఆ భేదాన్ని పెద్దది చేసి చూపటం తరువాతి పని.

మూడు బొమ్మలను ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చటం అసలు కష్టం. ఒక్క పిక్సెల్ జరిగినా అంచుల వెంట రంగుల చారలు వస్తవి. ఏ జరుగుబాటు సరియైనదో యంత్రం ఎట్లా తెలుసుకుంటుంది? ఒక బొమ్మను స్థిరంగా ఉంచి, రెండవదానిని కొద్దికొద్దిగా జరుపుతూ, ప్రతిసారీ రెండింటి అంకెల భేదాలను కూడుతుంది. ఎక్కడ మొత్తం అన్నిటికంటె తక్కువో అదే సరియైన స్థానం.

ఇది వినటానికి సులభమే. లెక్కలో బహు పెద్దది. ఉదాహరణకు, బొమ్మ నిలువుకు 3,000, అడ్డానికి 3,000 పిక్సెళ్ళు అనుకుందాం. మొత్తం 90 లక్షలు. నాలుగువైపులా 150 పిక్సెళ్ళ దూరం వరకు వెతకాలంటే 90,601 స్థానాలు పరీక్షించాలి. ప్రతి స్థానంలోనూ 90 లక్షల తీసివేతలు. వెరసి 81 వేల కోట్లకు పైగా లెక్కలు! అందుచేత ఒక యుక్తి పన్నుతారు. మొదట బొమ్మను పదహారవ వంతుకు కుదించి, ఆ చిన్న బొమ్మ మీద ఉజ్జాయింపు స్థానం కనుగొంటారు. తరువాత బొమ్మను రెట్టింపు చేస్తూ, ప్రతి మెట్టులోనూ తెలిసిన స్థానం చుట్టూ ఉన్న తొమ్మిది స్థానాలే పరీక్షిస్తారు. ఇట్లా చేస్తే సుమారు 12 కోట్ల లెక్కలతో పని తీరుతుంది. ఊరు దొరికిన తరువాత వీధి, వీధి దొరికిన తరువాత ఇల్లు వెతకటం వంటిదే ఇది.

2001లో జరిగిన ఒక ప్రదర్శన కోసం వాల్టర్ ఫ్రాంక్‌హాసర్ అనే నిపుణుడు నూటికి పైగా చిత్రాలను, ఒక్కొక్కదాని మీద గంటల తరబడి శ్రమించి, చేతితో సరిచేశాడు. 2004లో బ్లేజ్ అగ్వేరా ఇ ఆర్కాస్ అనే శాస్త్రజ్ఞుడు, మనిషి చేయి పడకుండా యంత్రమే కూర్చే పద్ధతి రచించాడు. దానితో 1,902 ఫలకాలూ రంగులలోకి వచ్చినవి.

ఆ చిత్రాలలో పారే నీటి మీద ఎరుపు, నీలం తళుకులు కనిపిస్తవి. కదలిన మనిషి చుట్టూ రంగుల అంచులుంటవి. ఇవి యంత్రం చేసిన తప్పులు కావు. మూడు బొమ్మలూ మూడు క్షణాలలో తీసినందువల్ల, నీటి అల మూడు చోట్ల నమోదైనది. ఆ రంగుల అంచు కూడా ఒక నిజం చెప్పుతున్నది. గీతలు పడినచోట కూడా ఇటువంటి విశేషమే ఉన్నది. నీలి బొమ్మ మీద మాత్రమే గీత పడితే, కలిపిన చిత్రంలో అది రంగు చారగా తేలుతుంది. మిగిలిన రెండు బొమ్మలలో అదే చోటు చెక్కుచెదరకుండా ఉంటుంది. కనుక ఏది గాయమో, ఏది వస్తువో వేరుచేయటం సాధ్యమౌతుంది. ఒకే విషయానికి ముగ్గురు సాక్షులు ఉన్నప్పుడు ఒకరి తప్పు మిగిలిన ఇద్దరి వల్ల బయటపడుతుంది గదా.

బుఖారా అమీరు అంగీ నీలమని ఎవరూ ఊహించి రంగు వేయలేదు. నీలి గాజు గుండా తీసిన బొమ్మలో అది వెలుగ్గా, ఎర్ర గాజు గుండా తీసిన బొమ్మలో చీకటిగా ఉన్నది కనుకనే అది నీలమైనది. 1920లో ఆ అమీరు రాజ్యం అంతరించింది. అంగీ రంగుకు మాత్రం సాక్ష్యం నిలిచింది.

మాసిపోయిన ప్రపంచ పటం

ఇక రెండవ కథ. హెన్రికస్ మార్టెల్లస్ జర్మన్ దేశీయుడు. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో పటాలు గీసి జీవించాడు. 1491 ప్రాంతంలో ఇతడు సుమారు నాలుగడుగుల ఎత్తు, ఆరడుగులకు పైగా వెడల్పు గల ప్రపంచ పటం ఒకటి తయారుచేశాడు. ప్రాచీన గ్రీకు భూగోళశాస్త్రవేత్త టాలెమీ సంప్రదాయాన్ని అనుసరిస్తూనే, 1488లో పోర్చుగీసు నావికుడు బర్తొలొమ్యూ డయాస్ ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టివచ్చిన కొత్త సంగతిని కూడా అందులో చేర్చాడు. వాస్కో డ గామా రాక ముందటి పటం గనుక, భారతదేశపు ఆకారం అందులో ఇంకా కుదరలేదు. 1492లో ప్రయాణం కట్టిన కొలంబసుకు ఈ పటమో, దీనివంటిదో తెలిసి ఉండవచ్చునని చరిత్రకారుల అభిప్రాయం.

ఈ పటం 1962లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి కానుకగా వచ్చింది. భూభాగాల ఆకారాలు కనిపిస్తున్నవి గాని, వాటి మీద లాటిన్‌లో వ్రాసిన వివరణలు చాలా భాగం మాసిపోయినవి. అక్షరాలు ఉన్న పెట్టెలు తెలుస్తున్నవి. అక్షరాలు తెలియటం లేదు. అక్షరాలు లేని పటం, మాటలు మరచిన సాక్షి వంటిది.

2014 ఆగస్టులో చెట్ వాన్ డ్యూజర్ అనే పటచరిత్ర పరిశోధకుడు, రోజర్ ఈస్టన్ తదితర ప్రతిబింబశాస్త్ర నిపుణులు కలిసి ఈ పటాన్ని పరిశీలించారు. పటాన్ని భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగాన్ని అతినీలలోహితం మొదలు కంటికి తెలిసే రంగుల మీదుగా పరారుణం వరకు, 12 రకాల వెలుగులలో ఫొటోలు తీశారు. మాక్స్‌వెల్ మూడు బొమ్మలు తీయించిన చోట వీరు పన్నెండు తీశారు. సూత్రం మాత్రం అదే. ఒక్కొక్క సిరా, ఒక్కొక్క రంగు, ఒక్కొక్క వెలుగులో ఒక్కొక్కవిధంగా ప్రవర్తిస్తుంది.

తరువాతిది లెక్కల పని. దానిని చిన్న ఉదాహరణతో చూడవచ్చు. కాగితం మీద పెద్ద మరక ఉన్నది. మరక మీదా, వెలుపలా వెలిసిన అక్షరాలున్నవి. అతినీలలోహితంలో శుభ్రమైన కాగితం వెలుగు 100, దాని మీది సిరా 90. మరక పడ్డ కాగితం 60, దాని మీది సిరా 54 అనుకుందాం. పరారుణంలో సిరా అసలు తెలియదు. శుభ్రమైన చోటు 100, మరక పడ్డ చోటు 60 మాత్రమే వస్తవి. ఇప్పుడు మొదటి అంకెను రెండవదానితో భాగిస్తే, కాగితం ఉన్నచోటల్లా 1, సిరా ఉన్నచోటల్లా 0.9 వస్తుంది. మరక పూర్తిగా మాయమైనది; అక్షరం నిలిచింది! నిజమైన పటంలో లెక్క ఇంత సులభం కాదు. మార్టెల్లస్ వాడిన రంగులు చోటుచోటుకూ వేరు కనుక, ఒకచోట ఫలించిన కూర్పు మరొకచోట ఫలించలేదు. ఏ బొమ్మకు ఎంత పాలు ఇవ్వాలో ప్రతి భాగానికీ విడిగా తేల్చవలసి వచ్చింది.

ఈ విద్య తెలుగు నేలకు కొత్తది కాదు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహాల నుండి వచ్చే బొమ్మలను ఇదేవిధంగా వేరు వేరు వెలుగులలో పరిశీలిస్తుంది. వరిచేనుకూ బీడుకూ భేదం పరారుణంలో స్పష్టంగా తేలుతుంది. ఆకాశం నుండి భూమిని చదివే పద్ధతీ, బల్ల మీద పటాన్ని చదివే పద్ధతీ ఒక్కటే.

మార్టెల్లస్ పటంలో అక్షరాలు తిరిగి పలికినవి. ఆసియా ఉత్తర భాగంలో గోధుమ, ద్రాక్షసారాయి ఎరుగక జింకమాంసంతో జీవించే జనులను గురించిన వ్రాత బయటపడింది. ఆఫ్రికా దక్షిణ భాగంలోని వ్రాతలు మరీ విలువైనవి. 1441లో ఫ్లోరెన్సులో జరిగిన క్రైస్తవ మహాసభకు ఇథియోపియా నుండి ప్రతినిధులు వచ్చారు. వారు చెప్పిన స్థలనామాలు, నదుల వివరాలు ఈ పటంలోకి చేరినట్లు తేలింది. అంటే, యూరపు పటంలో ఆఫ్రికావారి భూగోళజ్ఞానం కూడా ఉన్నదన్న మాట.

మరొక ఫలితం కూడా వచ్చింది. 1507లో మార్టిన్ వాల్ట్‌సేముల్లర్ అచ్చువేసిన ప్రపంచ పటం మీదనే “అమెరికా” అనే పేరు మొదటిసారిగా కనిపిస్తుంది. ఆ పటానికి మిగిలిన ఒకే ఒక ప్రతిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2003లో కోటి డాలర్లకు కొన్నది. మార్టెల్లస్ పటంలోని వ్రాతలు చదవగలిగిన తరువాత, వాల్ట్‌సేముల్లర్ దాని నుండి, లేదా దానివంటి పటం నుండి ఎంత గ్రహించాడో, ఎక్కడ దానిని వదలి ఇతరులను అనుసరించాడో తేటపడింది.

హద్దు ఎక్కడ?

ఈ రెండు కథలలోనూ నిపుణులు కొత్తగా ఏదీ సృష్టించలేదు. ఫలకం మీద మూడు బొమ్మలు ఉన్నవి. పటం మీద సిరా శేషం ఉన్నది. లేనిచోట ఏ వెలుగూ, ఏ లెక్కా సహాయపడవు. సిరా సాంతం రాలిపోయిన చోట అక్షరం తిరిగి రాదు.

లాలా దీనదయాళ్ ఫలకాలతో పోల్చి చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమౌతుంది. 1844లో పుట్టి 1905లో మరణించిన ఈ మహా ఛాయాచిత్రకారుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో పనిచేశాడు. నాటి హైదరాబాదు, సికిందరాబాదుల జీవితం ఆయన చిత్రాలలో నిలిచి ఉన్నది. ఆయన గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరినవి. ఇటువంటి ఫలకాల మీద డిజిటల్ పద్ధతి ఎంతో చేయగలదు. పగుళ్ళను కలపగలదు, నీడలో మునిగిన ముఖాన్ని పైకి తేగలదు. కాని రంగులు తేలేదు. అక్కడ ఉన్నది ఒకే బొమ్మ, మూడు కావు. పైగా ఆ కాలపు ఫలకాలకు నీలం ఎక్కువగా, ఎరుపు అతి తక్కువగా సోకేవి. ముదురు ఎరుపు శాలువా, నల్ల శాలువా రెండూ ఒకే నలుపుగా పడతవి. ఆ భేదం ఫలకం మీదికే రాలేదు కనుక, దానిని ఫలకం నుండి తీయటం అసాధ్యం.

అయినా నలుపు తెలుపు చిత్రాలకు క్షణంలో రంగులు వేసే కంప్యూటరు పద్ధతులు నేడు వాడుకలో ఉన్నవి. అవి లక్షలాది రంగుల చిత్రాలను చూచి, ఇటువంటి చోట సాధారణంగా ఏ రంగు ఉంటుందో నేర్చుకున్నవి. చిరిగిన ముఖానికి కన్ను అతికించగలవు. చెరిగిన వీధికి ఇల్లు గీయగలవు. ఆ కన్ను ఆ మనిషిది కాదు. ఆ ఇల్లు ఆ వీధిది కాదు. ఇంటి గోడకు తగిలించుకునే చిత్రానికి అది ముచ్చటే కావచ్చు. పొలం సరిహద్దు తేల్చే పటానికి, చరిత్ర వ్రాసే చిత్రానికి మాత్రం అది కల్పిత సాక్ష్యం.

అందువల్ల ఈ వృత్తిలో కొన్ని కట్టుబాట్లు ఏర్పడినవి. మొదట తీసిన డిజిటల్ ప్రతిని మార్చకుండా విడిగా భద్రపరచాలి. మార్పులన్నీ మరొక ప్రతి మీదనే చేయాలి. ఏ మెట్టులో ఏమి చేశారో వ్రాసి ఉంచాలి. ఊహించి నింపిన భాగాన్ని ఊహ అని తెలిసేటట్లు చూపాలి. ప్రొకూదిన్-గోర్‌స్కీ ఫలకాల ముడి ప్రతులను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అందరికీ అందుబాటులో ఉంచింది. విశ్వవిద్యాలయాలలో విద్యార్థులు నేడు వాటిని తమ లెక్కలతో తామే కూర్చి చూచుకొంటున్నారు. తప్పు చేసిన పద్ధతి దొరికిపోతుంది. మెరుగైన పద్ధతి నిలుస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది అసలు వస్తువును కాపాడటం. డిజిటల్ ప్రతి వచ్చినది గనుక పాత కాగితంతో పనిలేదనుకోవటం పొరపాటు. 1948లో ఆ గాజుఫలకాలను కొన్నవారికి, వాటిని నేటి పద్ధతిలో కూర్చే యంత్రం లేదు. 1962లో మార్టెల్లస్ పటాన్ని అందుకొన్నవారికి, దాని అక్షరాలను ఇంత తేటగా చదివే సాధనం లేదు. చదవలేని పటాన్ని వారు పారవేయలేదు. చదవగలవాడు వచ్చేదాకా దాచి ఉంచారు. వెలిసిన పటం, నల్లబడిన నెగెటివు ఎవరి పెట్టెలోనైనా ఉంటే, అది పనికిరానిదని తీర్మానించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దానిలో ఏమున్నదో చెప్పే వెలుగు ఇంకా దాని మీద పడలేదేమో!